హాంకాంగ్ నుంచి మూడుసార్లు వచ్చి వెనుదిరిగిన ఆర్డర్

ఆన్‌లైన్ దుకాణాలకు చెల్లింపు పేజీలు తయారుచేసి నిర్వహించడం నా వృత్తి. కొంతకాలం క్రితం, నేను చూసుకునే ఒక పుస్తకాల దుకాణానికి హాంకాంగ్ నుంచి ఒక కొనుగోలుదారు మెయిల్ రాశారు. ఒకే పుస్తకం కోసం మూడుసార్లు ప్రయత్నించాననీ, మూడుసార్లూ చెల్లింపు విఫలమైందని మా పేజీ చెప్పిందనీ, తన బ్యాంకు మాత్రం మూడుసార్లూ డబ్బు పట్టి ఉంచిందనీ వివరించి, ఇంతకీ తాను ఆ పుస్తకం కొన్నట్టా కొననట్టా అని అడిగారు. మాటల్లో కోపం లేదు. కోపం ఉండి ఉంటే దాన్ని కూడా మిగతా ఫిర్యాదుల్లో కలిపేసి, ఒక క్షమాపణ రాసి ఊరుకునేదాన్నేమో. ప్రశ్న అంత సూటిగా, అంత మర్యాదగా ఉండబట్టే కూర్చుని లాగ్, అంటే ప్రతి చెల్లింపు ప్రయత్నం నమోదయ్యే చిట్టా, తెరిచాను.

పేజీ పిన్‌కోడ్ తప్పనిసరి అంది. హాంకాంగ్‌లో పిన్‌కోడ్‌లు లేవు. ఆ గడి ఖాళీగా వదిలితే పేజీ ముందుకు కదలదు కాబట్టి, ఆయన మొదటిసారి ఐదు సున్నాలు, రెండోసారి ఆరు సున్నాలు వేశారు. మూడోసారి ఇంకేదో సంఖ్య వేసి చూశారు. మూడుసార్లూ ఆయన బ్యాంకు చెల్లింపును ఆమోదించింది. చిరునామా సరిపోలిందా అన్న ప్రశ్నకు మాత్రం, ఆ తనిఖీ చేసే ఏర్పాటు తన దగ్గర లేదని అర్థం వచ్చే సంకేతం పంపింది. చిరునామా సరిపోలినట్టు స్పష్టమైన జవాబు రాని ప్రతి ఆర్డర్‌నూ వెంటనే రద్దు చేయాలని అప్పట్లో మా వైపు ఒక నియమం ఉండేది. అంటే ఆ మూడు ఆర్డర్లనూ రద్దు చేసింది మేమే. ఆ నియమం రాసింది నేను.

ఆ తనిఖీ సంగతి కొంచెం చెప్పాలి. కొనుగోలుదారు రాసిన చిరునామాలోని ఇంటి నంబరునూ పిన్‌కోడ్‌నూ కార్డు ఇచ్చిన బ్యాంకు తన దగ్గరున్న వివరాలతో పోల్చి, సరిపోలిందో లేదో ఒక అక్షరం రూపంలో తిరిగి చెబుతుంది. అమెరికాలో పుట్టిన ఈ పద్ధతి ప్రధానంగా అమెరికా, కెనడా, బ్రిటన్ కార్డులకే పనిచేస్తుంది. మిగతా ప్రపంచంలో చాలా బ్యాంకులకు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఏర్పాటే లేదు. సరిపోలలేదన్న జవాబు వేరు, నాకు తెలియదన్న జవాబు వేరు. నా నియమం రెండింటినీ ఒకే గాటన కట్టింది. పైగా బ్యాంకు ఆమోదించిన ప్రతిసారీ అంత మొత్తం కొనుగోలుదారు ఖాతాలో కదలకుండా ఉండిపోతుంది, మేము రద్దు చేశాక కూడా ఆ పట్టు సడలడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. ఒక్క పుస్తకం కొనబోయిన మనిషికి మూడు పుస్తకాల డబ్బు అందకుండా పోయింది. "చెల్లింపు విఫలమైంది, దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అని మా పేజీ చెప్పింది, ఆయన ఆ మాట నమ్మి మళ్లీ ప్రయత్నించారు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

విదేశీ కొనుగోలుదారుల కోసం చెల్లింపు పేజీని మార్చాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ ఎన్ని కరెన్సీలు చూపిస్తున్నాం, ఎన్ని చెల్లింపు పద్ధతులు పెట్టాం అన్న లెక్కల చుట్టూ తిరుగుతుంది. ఆ లెక్కలు ఎంత పెరిగినా హాంకాంగ్ ఆర్డర్ వెళ్లేది కాదు. కొనేవారికి కావలసింది తమ దేశంలో లేనిదాన్ని అడగని ఫారం, తాము రోజూ వాడే ఏదో ఒక్క పద్ధతి, వస్తువు గుమ్మం చేరేదాకా మారని మొత్తం అని నేను అనుకుంటున్నాను. ఇవి సమకూరని పేజీలో ముప్పై పద్ధతుల బొమ్మలు వరుసగా పెట్టినా అవి అలంకారంగానే మిగిలిపోతాయి.

ఫారం అడిగే ప్రశ్నలు

ఆ మెయిల్ వచ్చిన వారంలోనే, రద్దయిన విదేశీ ఆర్డర్ల జాబితా మొదటినుంచి చివరిదాకా చదివాను. సున్నాల పిన్‌కోడ్‌లు వరుసగా కనిపించాయి. ఇంటిపేరు గడిలో చుక్క పెట్టినవారు, మొదటి గడిలో రాసిన పేరునే రెండో గడిలో మళ్లీ రాసినవారు, రాష్ట్రం అన్నచోట ఊరి పేరునే ఇంకోసారి రాసినవారు ఎంతోమంది ఉన్నారు. ఫారం ఒక అబద్ధం కోరింది, వాళ్లు తప్పనిసరై ఆ అబద్ధం చెప్పారు, దాన్ని పట్టుకుని మోసాల తనిఖీ వాళ్లనే అనుమానించింది.

ఇండోనేసియా మొదటి ఇద్దరు అధ్యక్షులు సుకర్ణో, సుహార్తో ఇద్దరికీ పేరు ఒక్క మాటే. ఆ దేశంలో అలాంటి పేర్లున్నవారు ఎందరో ఉన్నారు, వారి గుర్తింపు కాగితాల్లోనూ ఒక్క మాటే ఉంటుంది. ఇంటిపేరు తప్పనిసరి అన్న ఫారం ముందు వారు ఏం చేయాలి? పేరును రెండుసార్లు రాస్తే పార్సెల్ మీద పేరు ఒకలా, చేతిలో ఉన్న కాగితం మీద ఇంకోలా ఉంటుంది. పూర్తి పేరు కోసం ఒకే పొడవైన గడి పెడితే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. మేము ఆ మార్పు చేయడానికి అర పూట కూడా పట్టలేదు. చేయాలని తోచడానికే ఇన్నేళ్లు పట్టింది.

పిన్‌కోడ్ సంగతి ఇంకా చిక్కు. నెదర్లాండ్స్‌లో నాలుగు అంకెల తర్వాత రెండు అక్షరాలు వస్తాయి. బ్రిటన్‌లో అక్షరాలూ అంకెలూ కలిసి, మధ్యలో ఖాళీ ఉంటుంది. ఐర్లాండ్‌కు దేశమంతటికీ వర్తించే కోడ్‌లు 2015లో గానీ రాలేదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అసలు లేవు. జపాన్ చిరునామా పెద్ద ప్రాంతంతో మొదలై, ఊరు, పేట, ఇల్లు అంటూ చిన్నదాని వైపు నడుస్తుంది. అంకెలు మాత్రమే తీసుకునే గడి, ఇన్ని అంకెలే ఉండాలన్న షరతు, ఫోన్ నంబరుకు పది అంకెల హద్దు, ఇవన్నీ ఒక్క దేశాన్ని మనసులో పెట్టుకుని రాసినవి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దేశ సంకేతంతో కలిపి ఫోన్ నంబరు పదిహేను అంకెల దాకా ఉండవచ్చు.

అయితే అన్నీ ఖాళీ గడులుగా వదిలేసి ఎవరికి తోచింది వారు రాసుకోమంటే సరిపోతుందా? సరిపోదని అనుభవం మీద తెలిసింది. ఉత్సాహం కొద్దీ ఒక నెల అలాగే వదిలి చూస్తే, పిన్‌కోడ్ ఉన్న దేశాల నుంచి కూడా అది లేకుండా ఆర్డర్లు రావడం మొదలైంది, కొరియర్ వాళ్లు వాటిని తీసుకోలేదు. అందుకే ఇప్పుడు దేశం ఏదని పేజీ అన్నిటికంటే ముందు అడుగుతుంది, ఆ దేశంలో ఉన్న గడులనే చూపిస్తుంది, అక్కడ నిజంగా తప్పనిసరైన వాటినే తప్పనిసరి చేస్తుంది.

దేశాన్ని అడగడమెందుకు, ఇంటర్నెట్ కనెక్షన్‌ను బట్టి పేజీయే కనిపెట్టవచ్చు కదా అని అడుగుతుంటారు. ఊహించి ముందుగా ఆ పేరు చూపించడంలో తప్పు లేదు. ఊహించినదాన్నే ఖాయం చేసి, మార్చుకునే వీలు తీసేయడమే తప్పు. ప్రయాణంలో ఉన్నవారు, ఆఫీసు నెట్‌వర్క్ మరో దేశం మీదుగా నడిచేవారు, ఒక దేశపు కార్డుతో కొని ఇంకో దేశంలో ఉన్న తోబుట్టువుకు కానుక పంపేవారు రోజూ వస్తూనే ఉంటారు. డబ్బు కట్టే మనిషి ఉన్న చోటు, కార్డు పుట్టిన చోటు, వస్తువు చేరవలసిన చోటు మూడు వేరు వేరు దేశాలు కావడం వింత విషయమేమీ కాదు.

కార్డు అందరి దగ్గరా ఉంటుంది కదా అన్న మాట

నాతో పనిచేసే ఒక మిత్రుడు ఈ విషయంలో నాతో గట్టిగా విభేదిస్తాడు. వీసా, మాస్టర్‌కార్డ్ దాదాపు ప్రతి దేశంలోనూ చెల్లుతాయి. కొత్తగా చేర్చిన ప్రతి పద్ధతికీ వేరే ఒప్పందం, వేరే రుసుము, వేరే లెక్కల సరిచూపు, వేరే రిఫండ్ పద్ధతి ఉంటాయి. చిన్న దుకాణం ఆ బరువు మోయలేదు అంటాడు. ఇందులో ప్రతి మాటా నిజమే. నెలాఖరున ఐదు చోట్ల నుంచి వచ్చిన జమల పట్టీలను ఆర్డర్లతో సరిచూసే పని నేనూ చేశాను, అది ఎంత ఓపిక అడుగుతుందో నాకు తెలుసు.

కానీ కార్డు చెల్లడం వేరు, కార్డుతో కట్టాలని మనిషికి అనిపించడం వేరు. నెదర్లాండ్స్‌లో 2005 నుంచి ఐడీల్ అనే పద్ధతి ఉంది. కొనుగోలుదారు తన బ్యాంకు పేజీకే వెళ్లి, అక్కడే సరేనని, తిరిగి దుకాణానికి వస్తారు. కార్డు నంబరు ఎవరికీ ఇవ్వనక్కరలేదు. అలా అలవాటు పడిన మనిషిని, పేరు కూడా వినని దుకాణపు పేజీలో పదహారు అంకెలూ టైపు చేయమనడం అంటే మీ ఇంటి తాళంచెవి ఒకసారి ఇలా ఇవ్వండి అని అడిగినట్టే ఉంటుంది. పోలండ్‌లో 2015లో మొదలైన బ్లిక్‌లో బ్యాంకు యాప్ ఇచ్చే ఆరు అంకెల కోడ్ కొడితే చాలు. బ్రెజిల్‌లో కేంద్ర బ్యాంకే 2020 నవంబరులో పిక్స్ తెచ్చింది. రాత్రీ పగలూ, సెలవు రోజుల్లోనూ డబ్బు క్షణాల్లో చేరుతుంది. అదీగాక అక్కడ చాలా కార్డులు దేశంలోపలే చెల్లుతాయి, కాస్త పెద్ద కొనుగోలైతే వాయిదాల్లో కట్టడం అక్కడ పరిపాటి. జర్మనీలో వస్తువు చేతికి అందాక, బిల్లు చూసుకుని కట్టే పద్ధతికి ఎంతో ఆదరణ ఉంది. వీటిలో ఏదీ కార్డుకు నకలు కాదు. ఎవరు ఎవరిని ముందుగా నమ్మాలన్న ప్రశ్నకు ఒక్కో సమాజం ఇచ్చుకున్న జవాబు ఒక్కో రకంగా ఉంది, అంతే.

ఇక్కడ అమ్మేవారు ముందుగా ఊహించని చిక్కు ఒకటి ఉంటుంది. జపాన్‌లో కొన్బినీ చెల్లింపు అనే పద్ధతిలో కొనుగోలుదారుకు ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు తీసుకుని దగ్గరలోని కొన్బినీకి, అంటే రోజువారీ సరుకులమ్మే చిన్న దుకాణానికి వెళ్లి కౌంటర్‌లో నగదు కడతారు. ఆ కట్టడం ఇవాళ సాయంత్రం కావచ్చు, ఎల్లుండి కావచ్చు. మా వ్యవస్థకు మాత్రం అప్పటికి చెల్లింపు జరిగింది, జరగలేదు అన్న రెండు స్థితులే తెలుసు. అరగంటలో డబ్బు రాకపోతే ఆర్డర్ దానంతటదే రద్దై, వస్తువు తిరిగి అమ్మకానికి వచ్చేసేది. ఈ పద్ధతి చేర్చి పరీక్షించిన మొదటి రోజునే, గడువు ఇంకా రెండు రోజులు మిగిలి ఉన్న ఆర్డర్లను మేము రద్దు చేస్తున్నామని బయటపడింది. ఎదురుచూస్తున్న ఆర్డర్ అనే మూడో స్థితి పెట్టి, అంతకాలం వస్తువును పక్కన ఉంచి, గడువు దగ్గరపడినప్పుడు గుర్తు చేసే మెయిల్ రాసి, గడువు దాటాక డబ్బు వస్తే ఏం చేయాలో తేల్చుకునేసరికి ఆరు వారాలు పట్టింది. పేజీలో కొత్త బొమ్మ పెట్టడం అందులో ఒక్క పూట పని. మిత్రుడి వాదనలో నిజమైన బలం ఇక్కడ ఉంది. అందుకే ఒకేసారి పది దేశాల పద్ధతులు చేర్చడాన్ని నేనూ సమర్థించను. రద్దైన ఆర్డర్లు ఎక్కడినుంచి ఎక్కువగా వస్తున్నాయో చూసి, ముందు ఒక దేశానికి పూర్తిగా, వెనుక గదుల దాకా, సిద్ధం కావాలి.

యూరప్ సంగతి ఒక్క మాట. అక్కడ 2019 సెప్టెంబరు 14 నుంచి వర్తించిన చెల్లింపు నియమాల ప్రకారం చాలా ఆన్‌లైన్ చెల్లింపులకు బ్యాంకు రెండు రకాల రుజువులు అడగాలి. ఉదాహరణకు ఒక రహస్య సంఖ్య, చేతిలోని ఫోన్. ఆ అదనపు మెట్టు దగ్గర కొనుగోలుదారు బ్యాంకు పేజీకి వెళ్లి వచ్చేలోపు మా పేజీ సమయం మించిపోయిందని కార్ట్ ఖాళీ చేసేది. బ్యాంకు దగ్గర సరేనని తిరిగొచ్చిన మనిషికి ఖాళీ కార్ట్ కనిపిస్తే ఏమనుకుంటారో వేరే చెప్పనక్కరలేదు.

గుమ్మం దాకా మారని మొత్తం

కరెన్సీ మార్చి చూపడం చాలామందికి సులువైన పనిగా కనిపిస్తుంది. జపాన్ యెన్‌కు చిల్లర భాగం లేదు. కువైట్ దినార్‌లో దశాంశం తర్వాత మూడు అంకెలుంటాయి. దుకాణానికీ బ్యాంకులకూ మధ్య చెల్లింపులు నడిపే గేట్‌వేలలో చాలావరకు మొత్తాన్ని ఆ కరెన్సీలోని అతి చిన్న భాగం లెక్కన, రూపాయలనైతే పైసల్లో, అడుగుతాయి. అన్ని కరెన్సీలకూ వందతో గుణించే మామూలు కోడ్ యెన్ దగ్గర 4,800ను 4,80,000 చేసి పంపుతుంది. ఇది పరీక్షల్లోనే మా కంటపడింది కాబట్టి ఎవరి డబ్బూ పోలేదు. చాలా యూరప్ దేశాల్లో దశాంశానికి కామా, వేలకు చుక్క వాడతారు, అక్కడివారికి 1.299 అంటే వెయ్యీ రెండువందల తొంభై తొమ్మిది. చుక్క పడే చోటు మారితే ధరే మారిపోతుంది.

వీటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది కొనుగోలు పూర్తయ్యాక పెరిగే మొత్తం. ఒక పాఠకురాలు పుస్తకాల పెట్టె ఆర్డర్ చేసి, చూపిన మొత్తం అంతా కట్టారు. పార్సెల్ గుమ్మం దాకా వెళ్లాక కొరియర్ మనిషి దిగుమతి పన్ను, దాన్ని వసూలు చేసినందుకు కొరియర్ రుసుము కలిపి అడిగాడు. ఆమె తీసుకోనన్నారు. తన తప్పేమీ లేదనే ఆమె అనుకున్నారు, నేనూ అదే అనుకుంటున్నాను. పెట్టె తిరిగి వచ్చింది. మూలలు నలిగి, పక్కన రెండు దేశాల ముద్రలు, పైన "స్వీకరించలేదు" అన్న చీటీ; వెళ్లడానికీ రావడానికీ అయిన ఖర్చు లోపలి పుస్తకాల విలువను మించిపోయింది. సుంకాలు కొనేవారి బాధ్యత అని మా షరతుల పేజీలో ఒక వాక్యం ఉన్నమాట నిజమే. ఆ వాక్యం దగ్గరికి వెళ్లాలంటే పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాల లింకు నొక్కాలి.

ఈ మొత్తం ముందే చెప్పడం అసాధ్యమనే వాదన ఉంది, కొన్నిచోట్ల అది నిజం కూడా. కానీ మార్గం ఉన్నచోటైనా చెప్పాలి కదా. ఐరోపా సమాఖ్యలో 22 యూరోల లోపు దిగుమతులకు ఉన్న పన్ను మినహాయింపు 2021 జూలై 1న పోయింది. అదే రోజు నుంచి 150 యూరోల దాకా ఉన్న పార్సెళ్లకు ఆ పన్నును అమ్మకం సమయంలోనే తీసుకుని ఒకే చోట జమ చేసే ఏర్పాటు వచ్చింది. అమెరికాలో 800 డాలర్ల దాకా ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాల పార్సెళ్లకూ నిలిచిపోయింది. అంతవరకు ఈ సంగతి పట్టించుకోని చిన్న అమ్మకందారులకు కూడా అది ఒక్కసారిగా నెత్తిన పడింది. నియమాలు ఇలా మారుతూనే ఉంటాయి. మారినప్పుడల్లా తెలుసుకునే భారం అమ్మేవారు మోయాలా, కొనేవారి గుమ్మం ముందు దించాలా అన్నదే ప్రశ్న. సుంకం కలిపి చూపితే మొత్తం పెద్దదిగా కనబడి కొందరు అక్కడే ఆగిపోతారు, ఆగిపోయారు కూడా. వాళ్లు తెలిసి ఆగారు. నలిగిన పెట్టె తిరిగి రావడం కన్నా అది ఎంతో మేలు.

మోసాల భయం

నా నియమాన్ని నేను ఎందుకు రాశానో కూడా చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. అంతకుముందు ఏడాది దొంగిలించిన కార్డులతో వరుసగా ఆర్డర్లు వచ్చాయి. అసలు కార్డుదారులు బ్యాంకుకు ఫిర్యాదు చేశాక డబ్బు వెనక్కి పోయింది, పుస్తకాలు అప్పటికే పోయాయి, పైన జరిమానా రుసుములు పడ్డాయి. కార్డు ఎదురుగా లేని అమ్మకాల్లో ఈ నష్టం సాధారణంగా అమ్మేవారిదే. ఆ నెల జీతాలు ఆలస్యమయ్యాయి. ఆ భయంలో రాసిన నియమం అది. ఆ స్థితిలో ఉన్న మరో దుకాణం అదే పని చేస్తే నేను తప్పుపట్టలేను.

అయినా ఆ నియమం దొంగలను ఆపిందా అని తిరిగి చూస్తే, నాకు సందేహమే. కార్డు వివరాలతో పాటు చిరునామా కూడా దొంగిలించినవాడు పిన్‌కోడ్ సరిగ్గానే వేస్తాడు. పట్టుబడినవారిలో ఎక్కువమంది పిన్‌కోడ్ లేని దేశాల్లో ఉండే మామూలు పాఠకులు. ఇప్పుడు జవాబు రాని తనిఖీని మేము అనుమానంగా లెక్కించడం లేదు. దానికి బదులు బ్యాంకు దగ్గరే అదనపు రుజువు అడిగిస్తున్నాం. అలా రుజువైన చెల్లింపుల్లో మోసం బయటపడితే నష్టం చాలావరకు కార్డు ఇచ్చిన బ్యాంకు వైపు వెళ్తుంది. ఇది అన్ని దేశాల్లోనూ ఒకేలా పనిచేయదు. కొన్ని బ్యాంకుల ఓటీపీ పాత ఫోన్ నంబరుకు వెళ్లి, విదేశంలో ఉన్న మనిషి ఎదురుచూస్తూ కూర్చోవడం నేను ఇప్పటికీ లాగ్‌లో చూస్తున్నాను.

విఫలమైనప్పుడు చూపే వాక్యం కూడా మార్చాం. బ్యాంకు కాదంటే బ్యాంకు కాదన్నదని, మేము ఆపితే మేమే ఆపామని, ఖాతాలో పట్టి ఉంచిన డబ్బు విడుదల కావడానికి కొన్ని రోజులు పట్టవచ్చని, మళ్లీ ప్రయత్నించే ముందు మాకు రాయమని ఇప్పుడు పేజీ చెబుతుంది. మోసగాళ్లకు అతిగా సమాచారం ఇస్తున్నామని మొదట అభ్యంతరం వచ్చింది. ఏ తనిఖీ దగ్గర ఆగిందో చెప్పడం లేదు, ఎవరు ఆపారో మాత్రమే చెబుతున్నామని వివరించాక ఒప్పుకున్నారు.

హాంకాంగ్ నుంచి రాసినవారికి ఆ రోజే జవాబు పంపాను. మీరు కొనలేదు, కొననివ్వనిది మా నియమం, మీ బ్యాంకుది గానీ మీది గానీ తప్పేమీ లేదు, మూడు మొత్తాలూ తిరిగి మీ ఖాతాలోకి చేరేదాకా నేను చూస్తాను అని రాశాను. పుస్తకం కోసం ఆయన మళ్లీ రాలేదు.

ప్రస్తుతం నా ముందున్న పని జపాన్‌లో నగదు కట్టినవారి రిఫండ్. కార్డుకైతే వచ్చిన దారిన డబ్బు వెనక్కి పంపవచ్చు. కౌంటర్‌లో కట్టిన నోట్లకు ఆ వెనుక దారి లేదు. వారి బ్యాంకు ఖాతా వివరాలు అడగాలి. కార్డు నంబరు కూడా ఇవ్వకుండా కొనాలనే కదా వారిలో చాలామంది ఆ పద్ధతి ఎంచుకున్నది. ఆ వివరాలు ఎక్కడ, ఏ మాటలతో అడగాలన్న పేజీ ఇప్పటికి నాలుగోసారి తిరగరాస్తున్నాను.